ఒక రెప్పకి ఆయ్

కాలవగట్టు మీద నా స్కూటీకి తెలిసిన గతుకులు
పదకొండు.
పన్నెండోది మొన్నటి వానకి పడింది.
డిక్కీలో మార్ఫిన్ సీసా, దూది, గ్లవ్సు,
కాలితో తొక్కే సక్షన్ పంపు
(కరెంటు సంగతి ఎవరు చెప్పగలరు),
చుక్కచుక్కకీ లెక్క రాసే రిజిస్టరు.

ఏసుపాదం గారు లాకు లస్కరు.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు
పై నీటినీ కింది నీటినీ ఒక మట్టానికి తెచ్చి
పడవల్ని దాటించాడు.
పడవలు మానేశాక కూడా
పళ్ళచక్రాలకి గ్రీజు పెట్టడం మానలేదట.
ముందు కుడిచేతి బొటనవేలు మాట వినలేదు.
గ్రీజుకి జారిందనుకున్నాడు.
తర్వాత మడమ. తర్వాత మాట.
తర్వాత మింగడం.
కాకినాడ పెద్ద డాక్టరు
జబ్బు పేరు రాశాడు గాని మందు రాయలేదు.
ఆ కాయితం మడిచి బైబిల్లో పెట్టింది సువార్తమ్మ.
అప్పటికి ఆవిడకి రెండూ చదవడం రాదు.

మొదటిరోజు అడిగింది:
"నయం చేస్తారాండీ?"
లేదమ్మా అన్నాను.
"మరెందుకొచ్చినట్టు?"
జవాబు నా సంచీలో లేదు.
ఆయన నడుం కింద పుండు కాబోయే ఎర్రమచ్చ చూపించి
తలగడ ఎలా సర్దాలో చేసి చూపించాను.
ఆవిడ టీ పెట్టింది.

అట్టముక్క మీద అక్షరాలు రాసిచ్చాను.
ఆవిడ వేలు నడుస్తుంది, ఆయన రెప్ప ఆపుతుంది.
ఒక రెప్పకి ఆయ్.
రెండు రెప్పలకి కాదండి.
గుడులకీ కొమ్ములకీ ఒత్తులకీ ఓపికెక్కడిది!
అన్నీ వదిలేశాం. సున్న ఒక్కటీ ఉంచమన్నాడు.
"ఇది 'క' యేనా?" అని ఆవిడే ముందు ఆయన్నడిగేది.
రెప్ప.
అలా, అరవై దాటిన మనిషికి
నోరు లేని మాస్టారు ఓనమాలు చెప్పాడు.

ఓ పొద్దున్నే రాజోలు నుంచి అల్లుడు
అంబులెన్సు వేసుకొచ్చాడు.
"గొంతుకి చిన్న కన్నమే మావయ్యా, మిగతాది మెషిను చూసుకుంటాది."
సువార్తమ్మ అట్టముక్క తీసింది.
డ్రైవరు ఇంజను ఆపేశాడు.
గ
ట
సున్న
వ
ద
నలభై నిమిషాలు పట్టింది.
గటంవద అంటే ఏంటన్నాడు అల్లుడు.
కొమ్ములూ ఒత్తులూ తనే తగిలించి చదివిందావిడ:
గొట్టం వద్దు.
రెప్ప.
అల్లుడు చూరుకింద నిలబడి ఏడ్చి
డ్రైవరుకి వెయిటింగు డబ్బులిచ్చాడు.

రాత్రిళ్ళు ఊపిరి అందేది కాదు.
మత్తుమందు పోసి చంపేస్తున్నారని ఊళ్ళో అన్నారు.
నేను పోసింది పాలాడెలో అడుగు తడిసేంత.
ఊపిరి పెరగలేదు,
ఊపిరంటే భయం తగ్గింది.
ఆ వారమే పూతరేకు అడిగాడు.
పొలమారొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు అని చెప్పాను.
ఆయ్.
గోరంత ముక్క, నేతిలో అద్ది, నాలుక మీద పెట్టింది.
మింగడానికేం మిగల్లేదు, కరిగిపోయింది.
కళ్ళు మూసుకుని చాలాసేపు తెరవలేదు.
దాన్ని ఒక రెప్పగా లెక్కెయ్యాలా
అని ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

చివరి మాట మూడు రోజులు రాయించాడు:
నీళ్ళు సమానం ఐతేనే తలుపు.
అది లాకు రూలు.
మట్టం కలవకముందు పదిమంది తోసినా కదలదు,
కలిశాక ఒక్క చెయ్యి చాలు.
ఎవరికి చెప్పాడో నాకు తెలీదు.
కొత్త లస్కరుకి అంటుంది సువార్తమ్మ.

కాలవలు కట్టేసిన వారంలో, తెల్లారగట్ల.
చెయ్యి ఆవిడదే.

మిగిలిన మార్ఫిన్ వెనక్కి తీసుకోవాలి, పద్ధతి.
రిజిస్టరు తెరిచి ఇంకుప్యాడు ముందుకు జరిపాను.
వద్దంది. పెన్నడిగింది.
స వ ర త మ
అని రాసి, ఆగి,
మళ్ళీ మొదటికొచ్చి
కొమ్ము పెట్టింది, దీర్ఘం పెట్టింది,
ఒక్కో ఒత్తూ పెట్టింది.

పన్నెండో గతుకు దగ్గర
బ్రేకు వెయ్యడం మర్చిపోయాను.